పట్ట

లారీలకు పట్టలు కుట్టేటోన్ని.
గుత్తిలో, హైవే పక్కన, పంక్చరంగడికి ఆనుకోని నా మిషను.
సముద్రం నేను సూడలే.

ఉరుకుందప్ప గుంతకల్లు నుంచి వచ్చినాడు,
రైలింజను నడిపే మనిషి,
యాభై రెండేండ్లకే ఇంక చాలప్పా అని రాసిచ్చినాడంట.
సుద్దముక్క అడిగి నా బండ మింద ఒక రెక్క గీసినాడు.
ఆరు గళ్లు. నడుమ ఐదు వెదురు బద్దలు.
"చీనా పద్ధతి తెరచాప, హుసేనప్పా.
ఒక్క తాడు లాగితే లేస్తాది,
వదిలితే ఇసనకర్ర మడిచినట్ల దానంతటదే పడతాది.
ఒక్క మనిషికి చాలు."

తోడెవరన్నా అంటే నవ్వినాడు.
ఇంజన్లో ఇద్దరుండాల.
సిగ్నలు కనపడితే ఒకడు అరవాల, రెండోవాడు పలకాల.
పచ్చ అంటే పచ్చ, ఎర్ర అంటే ఎర్ర.
ఇరవై తొమ్మిదేండ్లు అరిచిన గొంతు
ఎవరూ మారు పలకని చోట ఎట్లుంటాదో ఇనాలంట.
పట్టాలు ఇడిసినోడు నా పట్ట కాడికొచ్చినాడు,
నేనేం జెప్పేది, కొలత రాసుకున్న్యా.

పదకొండు దినాలు కుట్టినా.
ఉప్పు తింటాదని ఏదో మందపు దారం తెచ్చిచ్చినాడు,
అది రెండు సూదులు ఇరగ్గొట్టింది.

ఆషాఢం. కోట కింద బీడులో వాసం పాతి ఎత్తి సూసినాం.
ఈ గాలి తెలుసు గదా మీకు,
శెనక్కాయ ఇత్తినప్పటి నుంచి మోడాల్ని తోలకపోయేది,
మా నెత్తిన ఒక్కటీ దించనిది.
దీన్ని తిట్టని వాకిలి ల్యా.
ఆ గాలికి మొదటిసారి ఒక పని చెప్పినాం.
పట్ట గప్పున ఉబ్బింది. తాడు నా అరచెయ్యి కోసింది.
మేకలు కాసే పిల్లోడు పారిపొయ్యి, మళ్లీ వచ్చినాడు.
"ఇది మోడాల్ని యాడ దించుతాదో
ఎనకాల్నే పొయ్యి సూసొస్తా" అన్న్యాడు ఉరుకుందప్ప.

లోకో కాలనీ ఎనక మూడేండ్లు చేసుకున్న పడవ
తాడిపత్రి బండల లారీ మింద కృష్ణపట్నం పొయ్యింది,
నా పాత పట్ట ఒకటి కప్పుకోని.
నాలుగు నూర్లు బాకీ. వచ్చినాక ఇస్తానన్న్యాడు.

శ్రావణం దాటింది.
డ్రైవర్లు చినిగినవి తెచ్చి పడేస్తాండారు, కుడతాండా.
శెనక్కాయ ఆకు ముడుచుకుంటాంది.
ఈడ చినుకు ల్యా.
నా కుట్టు మాత్రం యాడో తడుస్తాంటాది.