హామీ సంతకం

పెరంబూరు చిట్టీల కంపెనీలో
పందొమ్మిదేళ్లు హామీ కాగితాలు చూసినదాన్ని.
ముగ్గురు జామీనుదారులు, జీతం చీటీ, ఇంటిపన్ను రసీదు,
ఒక్కటి తక్కువైనా
పాట పాడుకున్నవాడి డబ్బు కదలనిచ్చేదాన్ని కాదు.
చిన్న అక్షరాలు చదవకుండా సంతకం చేసేవాళ్లని చూస్తే
నాకు జాలి.

ఇప్పుడు కీల్పాక్ ఆసుపత్రిలో
నా ముందు నాలుగు పేజీలు.

ఎడమవైపు తీసేసి పద్నాలుగు నెలలు.
కరెంటు పెట్టినచోట చర్మం
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చీరలా ఉంది.
అలా అనకూడదంటుంది శకుంతల వదిన.
చూసుకునేది నేనేగా, అంటాను.

వదినే అంది:
"నలభై తొమ్మిదో ఏట ఎవరికి చూపించడానికే?
ప్రాణం దక్కింది, చాలదా?
మళ్లీ కోస్తే లోపల పడుకున్నది లేస్తుందట.
కొత్త కండ చాటున దాక్కుంటే కనపడదట."
ఈ "అట"ని నేను నమ్మను.
మా కంపెనీలో "అట"కి అప్పు పుట్టదు.
అయినా రాత్రి మూడింటికి
అదే మాట ఫ్యాను రెక్కతోపాటు తిరిగింది.

డాక్టరు తిలకవతిది తమిళంలో నానిన తెలుగు.
"హామీ ఇస్తారా?" అనడిగాను.
"ఇవ్వను" అంది.
అప్పుడు నచ్చింది ఆవిడ.
"లెక్క చెప్తాను.
పొట్ట కింది కొవ్వు, దాని రక్తనాళాలతో సహా తీసి
ఛాతీలో నాళాలకి అతుకుతాం,
వెంట్రుక కన్నా సన్నదారంతో.
వందలో ఇద్దరికో ముగ్గురికో అది బతకదు.
కొందరికి చీము పడుతుంది, కుట్టు విడుతుంది.
మీ షుగరు దిగకపోతే నేను కత్తి పట్టను.
తిరిగి రావడమా, రాకపోవడమా,
అది ఆ పాత కంతి గుణం.
ఈ కొత్తది దాన్ని పిలవదు.
దాచిపెట్టుకోదు కూడా,
మనం వెతకడం మానకపోతే."

"స్పర్శ?"

పెన్ను మూత తీసింది, పెట్టింది.
"పాతదానిలా రాదమ్మా."

నూటికి నూరు అన్నవాళ్లే
నాకు ఎగ్గొట్టిపోయారు ఇన్నేళ్లూ.
తొంభై ఏడు అన్న మనిషిని నమ్మొచ్చు.

మూడో పేజీలో ఒక గడి ఖాళీగా ఉంది, ఏ వైపో రాయలేదు.
"ఎడమ" అని రాయించాకే సంతకం పెట్టాను.
సాక్షి గడిలో వదిన,
గొణుగుతూనే, గుండ్రటి తెలుగులో.
జామీనుదారు ఎవరని అడక్కండి.
పొట్ట గిల్లి చూసుకున్నాను,
ఇన్నాళ్లూ తిట్టుకున్న పొట్ట.

మే నెల మద్రాసులో ఏసీ ఆపి, దుప్పటి కప్పి,
గది వెచ్చగా ఉండాలన్నారు.
కొత్త కండకి చలి పనికిరాదట
(ఈ "అట" నమ్మాను).
గంటకోసారి నర్సు జెసింత,
వేలితో నొక్కి, రంగు తిరిగిరావడం లెక్కపెట్టి,
పెన్నులాంటిది ఆనించేది.
షూ... షూ... షూ...
లోపల ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు.
"ఓడుతు" అని చార్టులో టిక్కు కొట్టేది.
పందొమ్మిదేళ్లలో ఏ బాకీదారూ
ఇంత వేళకి కట్టలేదు.

రెండో రాత్రి, నాలుగు దాటాక,
పెన్ను ఆనించింది. ఏమీ లేదు.
జరిపింది. లేదు.
జెసింత ఊపిరి నాకు వినపడింది,
పక్కమంచం గురక వినపడింది,
బయట పాలబండి.
ఇంకాస్త జెల్లు రాసి, కొంచెం పైకి...
షూ.
ఇద్దరం నవ్వలేదు.
చార్టులో టిక్కు మాత్రం
కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

గుడి తీసేసి కొమ్ము పెడితే
కంతి కంతు అవుతుంది.
పడుకుని పడుకుని ఇలాంటివే తోస్తాయి లెక్కలవాళ్లకి.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకు
స్నానాలగదిలో అద్దం ముందు
మూడు వేళ్లతో రెండువైపులా అడుగుతాను.
కుడిది జవాబు చెప్తుంది.
ఎడమది వెచ్చగా ఉంటుంది, పలకదు.
చంకదాకా పోయి, మళ్లీ మొదటినుంచి.
"ఇంకా ఎంతసేపే?" అని తలుపు కొడుతుంది వదిన.

మాత్రలు ఇంకో నాలుగేళ్లు.
చిట్టీ ముగియలేదు.
ఈ నెల కంతు కట్టేశాను.