బోసి ముక్కు

గుణుపురం కంసాలి వీధిలో
మా దుకాణం ముందు కాలవ మట్టిని
ఏటా రెండు రూపాయలకి కొనుక్కుని
వంశధారలో జలగడుగుకునే సన్యాసమ్మ
ఆ ఏడు వరద తీసిన మర్నాడు
చెంగు ముడి విప్పి
పళ్లెంలో ఒక కాసు పడేసింది.

"అడ్డబాస సెయ్యి బావూ.
నలభయ్యేళ్లు మీ దుమ్ము కడిగినాను,
నా ముక్కుకి రవ్వంత నేదు."

నాన్న అంచుని గీటురాయి మీద రాశాడు.
రాసి, ఆ గీతకేసి చాలాసేపు చూశాడు.
"దీంట్లో రాగి కలపలేదు, ఎవడూ."

విక్టోరియా కాదు. ఆవిణ్ణి మేం బోలెడుసార్లు కరిగించాం.
ఈవిడది చుట్ట చుట్టిన జడ, నిండు మెడ,
నెత్తి మీద ఎవరో పొడిచిన కంత.
అంటే మాకంటే ముందే ఒకామె
దీన్ని తాడుకి గుచ్చుకుంది.
వెనకవైపు, పీట మీద ఇంకో ఆడమనిషి
చేతిలో గిన్నె, కాళ్ల దగ్గర నెమలి.
నాన్న కూర్చున్నచోటే చెంపలేసుకున్నాడు.

ఆరో క్లాసు నేను. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు,
ఇంగ్లీషు మాస్టారు వారానికి రెండ్రోజులే.
అంచు చుట్టూ అక్షరాలు కూడబలుక్కున్నాను:
ఏ, వి, జి, వి...
"వీలు ఎక్కువున్నాయి నాన్నా" అన్నాను.
అంతకు మించిన చరిత్ర మా వీధిలో ఎవరికీ రాదు.

సన్యాసమ్మ భూతద్దం లాక్కుని
ఒంటికంటితో చూసింది.
"ఏ దేశం రాణమ్మో గానీ
ఒళ్లంతా బంగారమే,
సెవికి కమ్మ నేదు, ముక్కు బోసి!"
నవ్వి నవ్వి దగ్గింది.
"కరిగించీ. నా ముక్కు మీదయినా కూకుంటాది."

ఆ రాత్రి నాన్న లక్క వేడి చేసి
రెండు వైపులా అద్ది పెట్టాడు.
లక్కలో రాణి అటు తిరిగింది.
ఎటు? అడిగితే నాన్న దీపం తగ్గించాడు.

తెల్లారి తిత్తి నేనే నొక్కాను.
మొదట నెమలి పోయింది.
తర్వాత నా వీలు.
ముఖం ఉన్నట్టే ఉండి
ఒక్కసారి వణికి, చుక్కయింది.

మిగిలిన అరతులానికి రెండు మేకలు, కొత్త చెక్క మరిగె వచ్చాయి.
సన్యాసమ్మ మళ్లీ మా కాలవ దగ్గరే, అదే మట్టిలో.
ఎండ పడితే దూరం నుంచి
ముందు ముక్కు కనిపించేది,
తర్వాత మనిషి.

ఇద్దరూ లేరిప్పుడు.
లక్క ముద్ర రేకు డబ్బాలో ఉంది.
మా ఊరి వేసవులకి మెత్తబడి మెత్తబడి
రాణి ముక్కే ముందు చదునైపోయింది.
కంత ఉన్నచోట మాత్రం
ఆవగింజంత బొడిపె
తడిమితే ఇంకా
వేలికి తగులుతుంది.