గాలొస్తే

ఉచిత న్యాయసహాయం ఆఫీసు రెండో అంతస్తులో,
కింద వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు.
మెట్లెక్కేలోపే నా బూట్లు
ప్యూర్తో మోంత్ వానంతా కార్చేశాయి.

సంచిలో నలభై పేజీల నోటుబుక్కు.
యాస్నా ఏ రోజు ఏమంది,
ఏ రాత్రి తలుపు తియ్యలేదు,
వాళ్ళమ్మ ఫోన్లో నన్నెన్ని తిట్టింది,
తారీఖులతో సహా, ఎర్ర సిరాతో.
సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు నాది.
పొట్ట చీల్చి లోపలిది బయటికి లాగడం
నాకొకరు నేర్పక్కర్లేదు.

లాయరమ్మ ఇంకా పూర్తి లాయరు కాదట.
పట్టా చేతికి రావాలంటే
ఆర్నెల్లు మాలాంటివాళ్ళ గోడు వినాలట.
పేరు ఇసిడోరా హోట్.
బల్ల మీద సగం కొరికిన రొట్టె,
గ్యాస్ కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరు.

"గెలవాలి" అన్నాను, కూర్చోకుండానే.
"ఎవరి మీద?" అంది
పెన్ను మూత పంటితో లాగుతూ.

నోటుబుక్కు చదివింది. నిజంగానే చదివింది.
గోడ గడియారం ఆగిపోయి ఉంది గనక
ఎంతసేపో చెప్పలేను.
మూసి, నా వైపు జరిపింది.
"ఇందులో మైలెన్ ఎక్కడుంది?"

తిప్పాను.
ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి.
ఇరవయ్యారో పేజీ అంచున, పెన్సిలుతో:
నోరు తెరుచుకుని నిద్రపోతోంది. డాక్టరుకి చూపించాలి.

అంతే.
అన్ని ఫిర్యాదుల మధ్య
ఓ వారగా ముడుచుకుని
నా కూతురు.

"ఇక్కణ్ణుంచి మొదలెడదాం" అంది.
టీచరు పేరు? తెలీదు.
బూట్ల సైజు? తెలీదు.
తలలో పేలు పడితే ఎవరు తీస్తారు?
నేనే తీశాను, మార్చిలో, రెండు రాత్రులు కూర్చుని.
"చెప్పరేం మరి!" అని
గబగబా రాసుకుంది.

బిడ్డ ఉండేది తల్లి దగ్గరే.
వారం విడిచి వారం నాకు,
శుక్రవారం ఆరింటి నుంచి ఆదివారం ఏడింటి దాకా.
జడ్జి ఒప్పుకోవాలి.
అంతకన్నా ముందు యాస్నా ఒప్పుకోవాలి.

"మరి గాలొస్తే?"
నేనుండేది చిలోయె దీవిలో.
రేవు మూసేస్తే పడవ కదలదు.
ఆ పిల్ల ఆగింది. చదివిన పుస్తకాల్లో లేదనుకుంటా.
రొట్టె ముక్క నమిలి మింగి
ఒక్కో మాటా పైకి చదువుతూ రాసింది:
వాతావరణం వల్ల రేవు మూసిన పక్షంలో
ఆ రోజులు పోయినట్టు కాదు,
మరుసటి వారానికి జరుగుతాయి.
ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఎవరి తప్పూ లేదు.
పదకొండేళ్ళ కాపురంలో
మా ఇంట్లో ఆ మాట
ఒక్కసారీ వినపడలేదు.

తిరుగు పడవలో, చేతులు కొంకర్లు పోతుంటే,
యాస్నాకి మెసేజ్ పెట్టాను.
పలకరింపు లేదు, సంజాయిషీ లేదు.
బూట్ల సైజెంత?

నడి నీటిలో ఉండగా జవాబొచ్చింది.
ముప్పై. వేళ్ళు నొక్కుకుంటున్నాయి, ముప్పై ఒకటి కొను.

నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను,
తడవకుండా
కోటు లోపల పెట్టుకుని.