టిక్ తీసిన గడి

రాజ్‌విహార్ వెనక సందులో
షట్టరు సగమే లేపిన పొద్దున
రోళ్ళపాడు నుంచి మొదటి బస్సుకు వచ్చినాడు మద్దిలేటి,
పిట్టల కాపలా వాచరు.
జేబులో బీడీకట్ట, బీడీకట్టలో మెమరీ కార్డు.
"మాబున్నీ, దీన్ని రోంత పెద్దది చేసియ్యి.
బట్టమేక కనపడిందంటే సార్ నమ్మడంల్యా."

నా పని ముఖాలు కత్తిరించడం.
పాస్‌పోర్టుకో కొలత, హాల్‌టికెట్టుకో కొలత.
రెండు చెవులూ కనపడాల, పళ్ళు కనపడగూడదు.
పెళ్ళి గుంపులోంచి పోయినోళ్ళను విడదీసి
వెనక నీలం పోసి దండకు సిద్ధం చేస్తా.
కోడిని కోసిన చెయ్యే గానీ
పిట్టను ఎప్పుడూ కొయ్యలేదు.

లైసెన్సు అడగదు, పైసా అడగదు మా గింప్.
తెరుచుకునేటప్పుడు
కుంచె కరుచుకోని ఒక నక్కమూతి మనల్నే చూస్తాది.
మద్దిలేటి నవ్వినాడు:
"గుడ్లు తినేదీ ఇదే, బొమ్మ దిద్దేదీ ఇదేనా!"

ఫోటో వచ్చింది.
ముప్పాతిక ఆకాశం, గంజి వార్చినంత తెల్లగా.
కింద ఎండిన బోద.
కుడిపక్క కరెంటు టవరు, మూడు తీగలు.
ఎడమపక్క గొర్రెలు, కుక్క,
ఎర్ర తువాలు చుట్టుకున్న పిల్లోడు.
"పిట్ట యాడ?"
తెర మీద గోరు పెట్టి చూపించినాడు.
గోరు తీసినాక కూడా
నాకు గోరే కనపడింది.

వంద, నాలుగొందలు, ఎనిమిదొందలు.
మా జేజినాయన విల్లు పట్టి దూది ఏకేవాడు.
ఏకేకొద్దీ గదంతా దూదే,
తూకమేస్తే మాత్రం అదే అర్ధశేరు.
పిట్ట కూడా అంతే.
పెద్దదయ్యేకొద్దీ పలచనై
గోధుమరంగు గళ్ళు, తెల్ల గళ్ళు,
మెడ అనుకుంటే మెడ,
మైలురాయి అనుకుంటే మైలురాయి.

పదును పెంచినా. ముల్లుకంపకు పదునొచ్చింది.
వెలుగు తగ్గించినా. పొద్దు గుంకింది, అంతే.
ఇంకో పనిముట్టు ఉంది, ముద్రలాంటిది.
ఒకచోటి రంగు తెచ్చి ఇంకోచోట అద్దుతాది.
దాంతో ఎంతమందికి జుట్టు మొలిపించినానో!
మెడ మీద బాణంగుర్తు ఒక్క క్షణం ఆగింది.
మద్దిలేటి ఏమీ అనలేదు.
చెయ్యి వెనక్కి తీసుకున్నా.

కత్తిరింపు మొదలుపెట్టినా.
టవరు పోయింది. గొర్రెలు సగం పోయినాయి.
"పిల్లోన్ని కూడా తీసెయ్ మాబున్నీ.
మందను లోపలికి ఇడిసినానని నా జీతం కోస్తారు.
వాడు మా అక్క కొడుకు."
కాసేపాగి,
"ముందు చూసింది వాడే.
మామా, అద్దో, అని అరిచింది వాడే" అన్నాడు,
తెరతో చెప్తున్నట్టు.

కత్తిరించే చోట చిన్న గడి ఒకటి ఉంటాది:
కోసినవాటిని తుడిచెయ్యాలా, అని.
రోజూ దాని మొగం కూడా చూడను.
ఆ పొద్దు టిక్ తీసేసినా.
అప్పుడు కోసినవి పోవు.
అంచు అవతల, కనపడకుండా,
టవరు టవరు చోటనే నిలబడి ఉంటాది,
తీగల మీద ఎండ ఉంటాది,
కుక్క మొరుగుతా ఉంటాది,
నోరు తెరిచిన పిల్లోడు ఉంటాడు.

ముప్పై రూపాయలు.
కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే
వెలుతురుకు పట్టి చూసినాడు.
"బట్టమేకే. నడక చూడు."
నిలబడిపోయిన బొమ్మలో
ఆయనకు నడక కనపడింది.
నాకు గళ్ళే.

బురుజు దిక్కు నడిచి మలుపు తిరిగినాక
తెర వైపు చూస్తే,
ఎడమ అంచున, బోదలో,
సన్నగా, నల్లగా ఒకటి మిగిలింది.
ఎక్కువ కొయ్యమన్నా కొయ్యలేకపోయిన చోటు.
చూపుడువేలు కొన.

గడ్డిపరక అనుకుంటాడులే, సార్.