రాళ్ల పళ్లెం

నాకు సవర మాటలు
గుణుపురం సంతలో, చింతపండు కాటా దగ్గర వచ్చాయి.
"ఎంత?" అన్నది ముందు, "చాలదు" అన్నది తర్వాత.
మా నాన్న రాళ్ల పళ్లెం అంచున బొటనవేలు ఆనించేవాడు,
ఈగ వాలినంత తేలిగ్గా.
ఆ వేలి బరువెంతో
కొండ దిగి వచ్చినవాళ్లకి నాకంటే ముందే తెలుసు.

ఇప్పుడు నేను దుబాసీని.
రోజుకి ఎనిమిది వందలు, భోజనం వాళ్లదే.
వానల లెక్క కోసం ఆరుగురు పిల్లలొచ్చారు:
ముంబయి నుంచి ఒకడు, కటక్ నుంచి ఇద్దరు,
మిగతావాళ్లు ఎక్కడివాళ్లో నేనడగలేదు.
ఊళ్లోకి ఎలా వెళ్లాలి, విన్నది ఎలా చెప్పాలి అని
బ్లాకు ఆఫీసు వెనక రేకుల షెడ్డులో
వాళ్లకి రెండు రోజుల శిక్షణ.

నేర్పే మేడం, మినతీ పాఢి,
రెండు వేసవులు ఉత్తర ధ్రువం అంచున ఉండి వచ్చింది.
తెర మీద మంచు చూపించింది.
కరెంటు పోయింది, మంచూ పోయింది.
చీకట్లోనే చెప్పింది:
"అక్కడొక సీలు వేటగాడు
నాకు ముందొచ్చిన పదకొండు మంది పేర్లు వరసగా చెప్పాడు.
వీళ్లలో తిరిగి ఉత్తరం రాసిందెవరో
నీకేమైనా తెలుసా, అన్నాడు."
పిల్లలు ఆ చీకట్లోనే ఏదో రాసుకున్నారు.

మూడోరోజు కొండెక్కాం.
జీపు ఆగిన చోటు నుంచి గంటన్నర నడక,
పసుపు మళ్లు, ఎండిన గెడ్డ,
సోంబారి గమాంగో ఇంటి అరుగు.
లోపలి గోడ మీద తెల్లటి బొమ్మలు.
క్షితిజ్ ఫోను ఎత్తాడు, మళ్లీ తనే దించుకున్నాడు.
శిక్షణ అంతవరకు పనిచేసినట్టే.

"వానలు ఎప్పట్నుంచి తగ్గాయి?" అడిగారు.
సోంబారి చాలాసేపు మాట్లాడింది.
గెడ్డకి కోపమొచ్చిందని,
దాన్నొక మాటైనా అడక్కుండా పైపులేశారని,
చిన్న చెల్లెలు పుట్టిన ఏడు
చోళ్లు కళ్లంలోనే మొలకెత్తాయని,
ఆ చెల్లెలు ఇప్పుడు లేదని.
నేను హిందీలో అన్నాను:
"సుమారు ముప్పై ఏళ్ల నుంచి."

కలాలు కదిలాయి.

ఆమెకి హిందీ రాదు.
కానీ అంత పొడుగు మాట పోస్తే
ఇంత పొట్టిది తిరిగొచ్చిందంటే
తరుగెంత పోయిందో తెలీని మనిషి కాదు.
"మీ అయ్య కాటా ఇంకా ఉందా?" అంది, నన్ను చూసి.

"ఏమంటోంది?" అన్నాడు క్షితిజ్.

కుశలమడుగుతోంది అనొచ్చు.
నోటిదాకా వచ్చింది కూడా.
చెప్పాను: కాటా సంగతి, రాళ్ల పళ్లెం,
గెడ్డ కోపం, చెల్లెలు, కళ్లంలో మొలకలు.
చెప్పేసరికి పొద్దు వాలింది.
ఎవరూ ఏమీ రాయలేదు, కాసేపు.

తర్వాత సమ్మతి కాయితం తీశారు, సిరా డబ్బా.
సోంబారి డబ్బా తన వైపు లాక్కుని
ముందు మీ వేళ్లు, అంది.
గడప పక్క గోడ మీద ఆరు ముద్రలు పడ్డాయి, వంకరగా.
"రాసింది తెచ్చి ఇక్కడ చదవండి.
మా మాటలో. ఈయన నోటితో కాదు.
నా వేలు అప్పుడు."

నేనూ వెయ్యనా, అన్నాను.
నవ్వింది, పొగాకు పళ్లతో.
"నీది ఎప్పుడో పడింది."

దిగుతుంటే క్షితిజ్
గెడ్డని సవరలో ఏమంటారని అడిగాడు.
చెప్పాను. తప్పు పలికాడు.
మళ్లీ చెప్పాను.
జీపు దాకా పలుకుతూనే ఉన్నాడు,
తప్పుగానే.