మూడో ప్రూఫు

ఎడిటరు గారూ,
మూడో ప్రూఫు పంపుతున్నాను, మస్తాన్ వలి చేతికిచ్చి.
ఎర్ర సిరా ఎక్కువైంది, ఏమనుకోకండి.
అరండల్‌పేటలో పొద్దుట్నించీ కరెంటు లేదు,
మిర్చి యార్డు వైపు నించి గాలి తిరిగి
ప్రెస్సంతా దగ్గుతూనే పని చేశాం.

నూట ముప్పయ్యొకటో పేజీ చూడండి.
గొడవ, గొడుగు, గొడ్డలి, గొడ్డు,
ఆ కిందే గొడ్రాలు.
'పిల్లలు లేని స్త్రీ' అని రాసి ఊరుకున్నారు.
మగవాడికి ఏ మాటుందోనని
ముందు పేజీ తిప్పాను, వెనక పేజీ తిప్పాను.
మా దానమ్మ పిన్ని పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో
ముప్పయ్యేళ్ళు ఆయా.
మా పేటలో సగం మందిని మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే.
బారసాలకి మాత్రం ఒక్కరూ పిలవలేదు.
పిన్ని పోయాక ఆ మాట ఖాళీ అయిందనుకున్నా.
మీ పేజీలో మళ్ళీ అద్దెకి దిగింది.

లేచిపోవు.
'ఒకటి: ఎగిరిపోవు. రెండు: (స్త్రీ) పరపురుషునితో పారిపోవు.'
రేపల్లె ప్యాసింజరుకి రెండు టిక్కెట్లు తెగాయి కదండీ,
ఆ రెండో సీట్లో కూర్చున్నవాడు
ఏ అక్షరం కింద ఉన్నాడు?

మానభంగం దగ్గర పెన్ను ఆగిపోయింది.
టీ తాగొచ్చి మళ్ళీ కూర్చున్నా.
దొంగ పడితే ఇంటికి మానం పోయిందంటామా?
కేసు కాగితంలో విరిగినవి
ఎడం చేతి మణికట్టు, ఆరు గాజులు.
మానం విరిగినట్టు ఏ డాక్టరూ రాయలేదు.
విరగాల్సినవాడి మానం
లాడ్జి సెంటర్లో నిక్షేపంగా తిరుగుతోంది.

మ్లేచ్ఛుడు: 'అన్యమతస్థుడు, ఆచారహీనుడు.'
ఈ పేజీ కంపోజ్ చేసింది మస్తాన్ వలే.
"మేడం, మధ్యలో కామా ఉంచాలా, తీసెయ్యాలా?"
అనడిగాడు.
ఇంకేమీ అడగలేదు.

నేనేం పత్తిత్తుని కాదులెండి.
చూశారా, ఎలా జారిందో నోట్లోంచి!
దీనికీ మగ జత లేదు.
మా గుడిలో మీరంతా అన్యులు.
ఆదివారం ఆదివారం ఆ మాటకి
ఆమెన్ అన్నదాన్నే, ఈ సలోమి.
'పాపాత్మురాలైన స్త్రీ' అని పాస్టరు గారు గొంతు పెంచితే
చూపు ఆడవాళ్ళ చాపల మీదే వాలుతుంది.
నా చాప అంచు నేను ఎన్నిసార్లు సర్దుకున్నానో.

ఫోన్లో మీరన్నారు,
"నిఘంటువంటే అద్దం అమ్మా, ఉన్నది చూపిస్తుంది."
సరే.
ఏ ఎత్తులో తగిలించారో గానీ
మీ మొహం ఒక్కసారీ అందులో పడదు.

కొట్టేయమనడం లేదు.
కొట్టేస్తే ఎవరు ఎవర్ని ఏమన్నారో
రేపటి పిల్లలకి ఆధారం ఉండదు.
మా అమ్మ ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకి తొడిమలు తీస్తుంది.
తొడిమ తీస్తే ఘాటు తగ్గదు, వేళ్ళే మండుతాయి.
రాత్రి చల్లన్నం గిన్నెలో చెయ్యి ముంచుకుని
చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంటుంది.

అందుకే మాట పక్కన చిన్నక్షరాల్లో
ఇంత చేర్చండి చాలు:
'నింద. ఆడవాళ్ళ మీద, పరమతం వాళ్ళ మీద వాడేవారు.'
'వాడతారు' కొట్టేసి 'వాడేవారు' అని రాశాను.
ఇప్పటికది అబద్ధమే.
ఆ ఒక్క తప్పూ దిద్దకండి.

తా.క.
కరెంటొచ్చాక మస్తాన్ వలి ఆ లైను ఎక్కించి చూశాడు.
పేజీ పట్టలేదు.
గొడ్రాలు జరిగి జరిగి
వెనక పేజీకి వెళ్ళిపోయింది.
ఇప్పుడు గొడ్డలి ఇటు, ఆవిడ అటు.
మధ్యన కాగితం మందం.