పదహారు గ్రాములు

దమయంతమ్మ పోయిందని
పేపర్ల నాలుగు లైన్లు పడ్డయి.
మూడో లైన్ల తప్పు. "రేడియో గాయని" అని రాసిన్రు.
ఆమె పాడంగ నేనెన్నడు ఇనలే.

పదిహేడేండ్ల పోరణ్ణి అప్పుడు,
బేగంబజార్ల కారప్పొడి దుకాన్ల తరాజు పట్టెటోన్ని.
పళ్ళెం కింద అయస్కాంతం నేనే అంటిచ్చిన,
గోరంత ముక్క, షావుకారి మాట మీద.
నేత చీర, భుజానికి బరువైన టేప్‌రికార్డరు.
"పావుకిలో ఇవ్వు బాబూ" అన్నది.
పొట్లం చేతిల పడంగనే సంచిలకెల్లి
తన సొంత తరాజు తీసింది.
పదహారు గ్రాములు తక్కువ.
షావుకారు నవ్విండు. నేను నేల సూసిన.

గురువారం రాత్రి ఏడుంబావుకు
గల్లీ పేరు చెప్పింది, దుకాణం పేరు చెప్పింది.
"తక్కెడ పట్టుకున్న పిల్లాడి తప్పు కాదు" అన్నది.
గా మాటకే
తెల్లారి పనికి పోలే.

అటెన్క ఇరవై ఏండ్లు ఇన్న.
రంగేసిన పప్పు, సగం నిండిన గ్యాసుబండ,
తారీఖు గీకేసిన టానిక్కు సీసాలు,
కోఠిల గిర్రున తిరిగే ఆటో మీటర్లు.
ఆఖర్ల ఎప్పటికీ అదే మాట: రసీదు అడగండి.

ఒక గురువారం గొంతు సన్నగొచ్చింది.
"ఈ వారం నా బిల్లే చదువుతాను."
దవాఖాన బిల్లు. గ్లౌజులు పన్నెండు జతలు,
వాడింది నాలుగు. దూది రెండుసార్లు రాశారు.
ఎడమ రొమ్ములో గడ్డ, నలభై గ్రాములు.
"ఈ ఒక్క తూకంలో మోసం లేదు" అని
ఆగింది.
రేడియో ఖరాబైందనుకొని మా ఇంటామె
దానిమీద ఒక్కటి కొట్టింది.

జుట్టు రాలినంక కొంగు కప్పుకొని
అడ్డగుట్ట, బోరబండ, మూసీ ఒడ్డు బస్తీలల్ల
ఆడోళ్ళను కూసోబెట్టి చెప్పేది.
"బియ్యంలో రాయి ఏరినట్టే,
మూడు వేళ్ళతో, మెల్లగా, నెలకొక్కసారి."
కొందరు కిసుక్కున నవ్వెటోళ్ళు,
కొందరు సిగ్గుకు లేచి పొయ్యెటోళ్ళు.
మా ఇంటామె లేవలే.
ఆమెకు రాయి దొరికింది.
చిన్నదే. జల్దీనే.
ఇయ్యాల పొద్దుగాల ఉల్లిగడ్డలు కోసుకుంట
నా మీద అరిసింది.

పేపరోళ్ళకు ఫోన్ జేసిన. గాయని కాదు బాబూ అన్న.
"మరేం చేసేవారు?" అన్నడు పిలగాడు.
శానాసేపు నాకు మాట రాలే.
"మీరు ఆమెకు ఏమవుతారు?"
బాకీ ఉన్న, అన్న.
పదహారు గ్రాములు.
పెట్టేసిండు.